క్యాన్సర్ ఆలస్యంగా తేలితే ఎక్కడ కేసు వేయాలి? ఏది మేలు?

మా పెద్దమ్మది భీమిలి. చిన్నప్పటి నుంచీ అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. అంగిట్లో పుండు పడితే వైజాగ్‌లో ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించాం. ఆరు నెలల్లో నాలుగుసార్లు వెళ్లాం. నాలుగుసార్లూ బీకాంప్లెక్స్, పుండు మీద రాసే జెల్. బయాప్సీ మాటే లేదు. చివరికి అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో ముక్క తీసి చూస్తే తేలింది. అడ్డపొగ తాగేవాళ్లకు అంగిట్లో క్యాన్సర్ వస్తుందని ఉత్తరాంధ్రలో తెలియని డాక్టరుంటాడా?

అన్నయ్య పోలీస్ స్టేషన్‌కే పోదామన్నాడు. నేను వద్దన్నాను. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: క్రిమినల్ కేసుకు మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. కోపం తీరుతుందేమో కానీ కేసు నిలబడడం కష్టం.

మెడికల్ కౌన్సిల్ డాక్టరు పేరును కొంతకాలమో, శాశ్వతంగానో రిజిస్టర్‌లోంచి తీసేయగలదు. పరిహారం మాత్రం పైసా ఇప్పించలేదు. డబ్బు అక్కర్లేదు, ఇంకొకరికి ఇలా జరగకూడదు అనుకుంటే అక్కడికే వెళ్లాలి.

మాకు వైద్యం ఖర్చు రావాలి కాబట్టి నా ఓటు జిల్లా వినియోగదారుల కమిషన్‌కే. మనం ఉన్న ఊరి కమిషన్‌లోనే వేయవచ్చు. మనం చెల్లించిన ఫీజు 5 లక్షల లోపైతే కోర్టు రుసుము లేదు. గడువు 2 ఏళ్లు. వైజాగ్ కేజీహెచ్ లాంటి ప్రభుత్వాసుపత్రిలో అందరితో పాటు ఉచితంగా చూపించుకున్నవాళ్లకు మాత్రం ఈ దారి లేదు, 1995లో శాంతా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఆ గీత గీసింది.

కమిషన్‌లోనూ అసలు చిక్కు ఒకటుంది. ఆలస్యమైందని చూపిస్తే సరిపోదు, ఆ ఆలస్యం వల్లే నష్టం జరిగిందని చూపించాలి. ఆరు నెలల ముందు ఏ స్టేజ్‌లో ఉండేది, అప్పుడైతే ఆపరేషన్‌తో పోయేదా? దీనికి మరో క్యాన్సర్ డాక్టరు రాతపూర్వక అభిప్రాయం కావాలి. సాటి డాక్టరు మీద రాసివ్వడానికి ఎవరూ తొందరపడరు. మేమింకా తిరుగుతూనే ఉన్నాం.

మొన్న పాత చీటీలు ప్లాస్టిక్ కవర్లోంచి తీసి మంచం మీద పరిచాం. రెండో చీటీ మూల, గొలుసుకట్టు రాతలో, ‘చుట్ట మానాలి’ అని ఉంది. అంటే ఆయనకు అలవాటు సంగతి తెలుసు, అయినా బయాప్సీ రాయలేదు. మాకున్న గట్టి సాక్ష్యం అదే. పెద్దమ్మ చుట్ట మానలేదు మరి. అవతలి లాయరు పట్టుకునేదీ ఆ చీటీనే.