32 జీబీయే గరిష్ఠం అని రాసిన గేమింగ్ ల్యాప్‌టాప్‌లో 64 జీబీ: క్రూషియల్ డీడీఆర్4 కిట్ రివ్యూ

క్రూషియల్ డీడీఆర్4-3200 ల్యాప్‌టాప్ ర్యామ్, 32 జీబీ స్టిక్కులు రెండు ఉన్న కిట్ (డీడీఆర్4 అంటే ర్యామ్‌లో నాలుగో తరం, 3200 దాని వేగం). పార్ట్ నంబరు సీటీ2కే32జీ4ఎస్‌ఎఫ్‌డీ832ఏ. 2020, 2021లో వచ్చిన గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కంపెనీ స్పెసిఫికేషన్‌లో 32 జీబీయే గరిష్ఠం అని ఉంటుంది. ఆ గీత దాటి 64 వేయాలనుకునేవాళ్ల కోసం ఈ రివ్యూ. ముందే తేల్చి చెప్పేస్తే, ప్రాసెసర్ ఒప్పుకుంటే ఈ కిట్ నడుస్తుంది, నమ్మకంగా నడుస్తుంది. ప్రాసెసర్ ఒప్పుకోకపోతే ఏ బ్రాండ్ వేసినా డబ్బు దండగే. అందుకే మొదట చూడాల్సింది స్టిక్‌ని కాదు, ప్రాసెసర్‌ని.

కంపెనీ రాసే ఆ గరిష్ఠం ఎక్కడి నుంచి వస్తుంది? ల్యాప్‌టాప్ మార్కెట్లోకి వచ్చేనాటికి తాము అమ్మే ర్యామ్‌తో పరీక్షించి, అక్కడిదాకా హామీ ఇస్తారు. లెనోవో స్పెసిఫికేషన్ షీట్లలో ఈ మాట సూటిగానే ఉంటుంది: గరిష్ఠ మెమరీ తమ దగ్గరున్న ర్యామ్‌తో చేసిన పరీక్షల ఆధారంగా ఇచ్చింది, టెక్నాలజీ పెరిగే కొద్దీ సిస్టమ్ ఇంకా ఎక్కువ తీసుకోవచ్చు అని. అసలు హద్దు ప్రాసెసర్ లోపల ర్యామ్‌తో మాట్లాడే భాగానిది, అంటే మెమరీ కంట్రోలర్‌ది. ఇంటెల్ ఐ5-10300హెచ్‌కి ఇంటెల్ ఇచ్చిన హద్దు 128 జీబీ, ఐ5-11400హెచ్‌కీ అంతే. ఐ5-12450హెచ్‌కి 64 జీబీ. ఇంటెల్ సైట్‌లో మీ ప్రాసెసర్ పేజీ తెరిచి మెమరీ వివరాల్లో 'మ్యాక్స్ మెమరీ సైజ్' చూడండి. ఈ నిర్ణయంలో అన్నిటికంటే బరువైన అంకె అదే.

ఇంకో ఆధారం మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. కంపెనీ వేసి ఇచ్చిన స్టిక్ మీది స్టిక్కర్ చదవండి. 8 జీబీ పక్కన 1ఆర్ఎక్స్16 అని ఉందనుకోండి, చివరి 16 ఒక్కో చిప్పు వెడల్పు, బిట్లలో. స్టిక్ మొత్తం 64 బిట్ల వెడల్పుని 16తో భాగిస్తే నాలుగు చిప్పులు. 8 జీబీ నాలుగు చిప్పుల్లో సర్దుకుందంటే ఒక్కో చిప్పు 2 జీబీ, అంటే 16 గిగాబిట్లు. ఈ కిట్‌లో ఉన్నవీ 16 గిగాబిట్ల చిప్పులే, కాకపోతే స్టిక్‌కి పదహారు, రెండు వైపులా ఎనిమిదేసి. అంటే మీ బోర్డు, బయోస్ (ఆన్ చేయగానే ల్యాప్‌టాప్‌ని లేపే బోర్డు మీది సాఫ్ట్‌వేర్) ఆ సైజు చిప్పుతో ఇప్పటికే మాట్లాడుతున్నాయన్నమాట. 16 జీబీ స్టిక్ మీద 1ఆర్ఎక్స్8 అని ఉన్నా ఇదే లెక్క. 8 జీబీ 1ఆర్ఎక్స్8 అయితే అందులోవి 8 గిగాబిట్ల చిప్పులు. దాని వల్ల అటూ ఇటూ ఏమీ తేలదు.

మరి పెద్ద చిప్పుకి బోర్డు మీద కొత్త తీగలు అక్కర్లేదా? 8 గిగాబిట్ల నుంచి 16కి వెళ్తే చిప్పులో వరసలు రెట్టింపవుతాయి, వాటిని పిలవడానికి అడ్రస్‌లో ఒక్క బిట్ పెరుగుతుంది, దాని పేరు ఏ16. డీడీఆర్4లో ఈ ఏ16కి విడిగా పిన్ను లేదు. ఆర్‌ఏఎస్ కమాండ్ వెళ్లే పిన్నే సందర్భాన్ని బట్టి ఏ16 పని కూడా చేస్తుంది. కాబట్టి తీగ మొదటి రోజు నుంచీ ఉన్నట్టే. ఈ పద్ధతి తెలిస్తే 'బోర్డు కాలిపోతుంది' లాంటి భయాలకు చోటుండదు. వోల్టేజీ కూడా అదే 1.2. పొరపాటున నడవని స్టిక్ వేస్తే స్క్రీన్ రాదు, అంతే. పాతది పెడితే మళ్లీ లేస్తుంది.

అయితే కొన్ని హద్దులు నిజంగానే హద్దులు. ఇంటెల్ 4వ తరం ల్యాప్‌టాప్‌లలో 16 జీబీ డీడీఆర్3ఎల్ (డీడీఆర్4కి ముందు తరం) స్టిక్ నడవదు, ఆ కంట్రోలర్‌కి 8 గిగాబిట్ల చిప్పులతో పని చేయడం రాదు. ఒక స్లాటే ఉండి మిగతా ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్న మోడళ్లలో ఈ కిట్‌లో సగం మూలన పడుతుంది. ఆసుస్ టఫ్ డాష్ ఎఫ్15 ఎఫ్‌ఎక్స్516 అలాంటిదే. వాటికి ఒక్క 32 జీబీ స్టిక్ విడిగా కొంటే చాలు. డీడీఆర్5 ల్యాప్‌టాప్‌కైతే ఈ కిట్ అసలు పట్టదు. డీడీఆర్4కి 260 పిన్నులు, డీడీఆర్5కి 262, మధ్యలో గాడి వేరే చోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది.

పవర్‌షెల్‌లో (విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే చోట) మ్యాక్స్ కెపాసిటీ అడిగి, కేబీల్లో 33554432 అని వచ్చిందని, అంటే 32 జీబీయే కదా అని వెనక్కి తగ్గేవాళ్లున్నారు. ఆ అంకె బయోస్ రాసినవాళ్లు పట్టికలో నింపింది. హార్డ్‌వేర్‌ని కొలిచి చెప్పింది కాదు. దాని మీద ఆధారపడి కొనకండి, మానుకోకండి.

ఇక స్టిక్ గురించి. ఇది 3200 వేగాన్ని మామూలు 1.2 వోల్టుల మీదే, సీఎల్22 టైమింగ్‌తో ఇస్తుంది. సీఎల్ అంటే అడిగిన డేటా ఇవ్వడానికి స్టిక్ తీసుకునే ఆలస్యం, 22 అంటే గొప్ప టైమింగ్ కాదు, నిజమే. కానీ గేమింగ్ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లు చాలావరకు తాళం వేసి ఉంటాయి, ఎక్స్‌ఎంపీ (స్టిక్‌ని మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేసే వీలుండదు. పెట్టె మీద వేగం చూసి ఎక్స్‌ఎంపీ మీద ఆధారపడే స్టిక్ కొంటే అది 2666కో 2400కో దిగిపోయి నడుస్తుంది. ఇలాంటి బయోస్‌కి సాదా స్టిక్కే మేలు. కింగ్‌స్టన్ కేవీఆర్32ఎస్22డీ8/32 కూడా ఇదే తరహాది, దొరికితే తీసుకోవచ్చు. ఐ5-10300హెచ్‌లో ఈ 3200 స్టిక్ 2933 దగ్గర ఆగుతుంది. అది ప్రాసెసర్ హద్దు, స్టిక్ లోపం కాదు. హీట్ స్ప్రెడర్ రేకు లేకపోవడం కూడా మంచిదే, ల్యాప్‌టాప్ లోపల ఆ మందానికి చోటెక్కడ?

అనంతపురం, కర్నూలు, కడప షాపుల్లో 8, 16 జీబీ స్టిక్కులు దొరికినంత సులభంగా 32 జీబీవి దొరకవు. చెప్పి తెప్పించుకోవాలి, లేదా కంప్యూటర్ విడిభాగాల బజార్లయిన బెంగళూరు ఎస్పీ రోడ్డుకో సికింద్రాబాద్ సీటీసీకో వెళ్లాలి. తెప్పిస్తే పార్ట్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. '32 జీబీ డీడీఆర్4' అని మాత్రమే రాసిన బిల్లు వారంటీ దగ్గర ఇబ్బంది పెట్టొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి: క్రూషియల్ పేరుతో వినియోగదారులకు అమ్మడం ఆపేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది, అమ్మిన వాటికి వారంటీ సేవ కొనసాగుతుందని కూడా చెప్పింది. ఏఐ సర్వర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. సరుకు తగ్గి ధర పెరిగిన చోట నకిలీలు దిగుతాయి. బిగించాక సీపీయూ-జడ్ (హార్డ్‌వేర్ వివరాలు చూపే ఉచిత సాఫ్ట్‌వేర్) తెరిచి ఎస్‌పీడీ ట్యాబ్‌లో తయారీదారు క్రూషియల్ లేదా మైక్రాన్ అనీ, పార్ట్ నంబరు స్టిక్కర్‌తో సరిపోలుతోందనీ చూసుకున్నాకే పెట్టె పారేయండి.

రెండు స్టిక్కులకు డబ్బు సరిపోకపోతే ఒక్కటే కొనొచ్చు. పాత 8 పక్కన 32 పెడితే 40 జీబీ అవుతుంది. అందులో 16 జీబీ రెండు చానళ్ల (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య దారులు, రెండూ ఉంటే వేగం ఎక్కువ) మీద, మిగిలిన 24 ఒక చానల్ మీద నడుస్తాయి. పాతది 16 అయితే 48 జీబీలో 32 రెండు చానళ్ల మీద ఉంటుంది, చాలామందికి అది సరిపోతుంది. రెండూ కలిసి నెమ్మదైనదాని వేగానికే నడుస్తాయని మాత్రం గుర్తుంచుకోండి.

బిగించే ముందు బయోస్ తాజా వెర్షన్‌కి తేవాలి. అది పాత ర్యామ్‌తోనే, చార్జర్ పెట్టి, బ్యాటరీ కూడా నిండుగా ఉన్నప్పుడు చేయాలి. విండోస్ 11లో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటే బయోస్ మారాక 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి కాగితం మీద రాసిపెట్టుకోండి, ఎన్‌క్రిప్షన్‌ని తాత్కాలికంగా సస్పెండ్ చేయండి. ఈ ఒక్క పని మరిచిపోయి డేటా పోగొట్టుకుంటే ర్యామ్ ధర దాని ముందు ఏపాటిది.

షట్‌డౌన్ చేసి చార్జర్ తీయండి. కింది మూత స్క్రూలు ఒకే పొడవు ఉండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఏ మూలదో అక్కడే పెట్టండి. పొడుగు స్క్రూని పొట్టి రంధ్రంలో బిగిస్తే పైన కీబోర్డు దగ్గర ఉబ్బుతుంది. మూత అంచుల్లో పాత ఏటీఎం కార్డు దూర్చి టకటకమంటూ క్లిప్పులు విడిపించండి, స్క్రూడ్రైవర్ పెట్టి లేపకండి. మూత రాగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, తీగలు పట్టి కాదు, ప్లాస్టిక్ అంచు పట్టి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఉంచండి. మన సీమలో ఫిబ్రవరి నుంచి మే దాకా గాలిలో తేమ బాగా తక్కువ, పాలిస్టర్ చొక్కాతో స్టాటిక్ గట్టిగానే పుడుతుంది. ఇనుప కిటికీ చువ్వనో కుళాయినో ముట్టుకుని కూర్చోండి.

స్లాట్‌కి రెండు పక్కలా ఉన్న కొక్కేలను బొటనవేళ్లతో బయటికి నెడితే పాత స్టిక్ దానంతటదే ఏటవాలుగా లేస్తుంది. కొత్తదాన్ని అంచులు పట్టుకుని, గాడి కలిసేలా, సుమారు 30 డిగ్రీల వాలుతో లోపలికి నెట్టాలి. బంగారు రంగు కాళ్లు దాదాపు కనిపించనంత లోపలికి పోవాలి. ఆ తర్వాతే కిందికి నొక్కాలి, రెండు వైపులా క్లిక్ అనాలి. కాళ్లు ఒక మిల్లీమీటరు బయట ఉండగా నొక్కినా క్లిక్ మంటుంది, కానీ కనెక్షన్ దొరకదు. 'ర్యామ్ పని చేయలేదు' అని వెనక్కి పంపేముందు ఇది ఒకసారి చూసుకోండి.

బ్యాటరీ కనెక్టర్, మూత తిరిగి పెట్టి మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగా ఉంటుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, ఒకటి రెండుసార్లు ఆగి మళ్లీ మొదలవ్వొచ్చు. అది మెమరీ ట్రైనింగ్. కంట్రోలర్ కొత్త స్టిక్కులకు సరిపడే టైమింగ్‌లు కొలుచుకుంటోంది. కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి, ఐదు నిమిషాలు ఆగండి. అప్పటికీ రాకపోతే బ్యాటరీ తీసి పవర్ బటన్ 40 సెకన్లు నొక్కి, ఒక్క స్టిక్‌తో ప్రయత్నించండి. తర్వాత అదే స్లాట్‌లో రెండోది, ఆపైన రెండో స్లాట్. ఒక స్టిక్ ఎక్కడా నడవకపోతే తప్పు స్టిక్‌ది. రెండూ ఒకే స్లాట్‌లో మొరాయిస్తే తప్పు స్లాట్‌దో, కాళ్లకు పట్టిన దుమ్ముదో.

లేచాక టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూడండి: 64 జీబీ, స్లాట్లు 2కి 2, వేగం 2933 లేదా 3200. 'హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్' దగ్గర పదుల జీబీ చూపిస్తే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్లు తెరిచి 'మ్యాగ్జిమమ్ మెమరీ' టిక్ తీసేయండి. విండోస్ హోమ్ 128 జీబీ దాకా తీసుకుంటుంది, దాన్ని నిందించనక్కర్లేదు.

కనబడటం ఒకటి, నిలకడగా నడవడం ఇంకొకటి. మెమ్‌టెస్ట్86ని (ర్యామ్‌ని పరీక్షించే సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌లో వేసి, చార్జర్ పెట్టి రాత్రంతా నాలుగు పాస్‌లు నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ మార్చాల్సిందే. ఇక్కడ ఎండ లెక్క కూడా ఉంది. డీడీఆర్4 చిప్పులు 85 డిగ్రీల వరకు మామూలుగా రిఫ్రెష్ అవుతాయి (డేటా చెరిగిపోకుండా మళ్లీ నింపుకోవడం), దాటితే రెట్టింపు తరచుగా రిఫ్రెష్ కావాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ హీట్ పైపుల పక్కనే ఉంటుంది, ఈ స్టిక్కుల్లో వేడి చూపే సెన్సర్ ఉండదు. జనవరి రాత్రి పాసైన స్టిక్కుని ఏప్రిల్ మధ్యాహ్నం గేమ్ ఆడిన వెంటనే ఇంకోసారి పరీక్షించడం మంచిది. మూత తీసినప్పుడే ఫ్యాన్ల దుమ్ము బ్రష్‌తో దులిపేయండి.

బిగించాక సీ డ్రైవ్‌లో చోటు తగ్గిందని అనుమానపడకండి. హైబర్నేషన్ ఫైల్ (ఆపేముందు ర్యామ్‌లోది డ్రైవ్‌లో దాచే ఫైల్) మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఆక్రమిస్తుంది, 64 జీబీకి అది 25 జీబీ పైమాటే. పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేషన్ తీసేస్తే చోటు తిరిగొస్తుంది, ఫాస్ట్ స్టార్టప్ పోతుంది. టాస్క్ మేనేజర్‌లో 'షేర్డ్ జీపీయూ మెమరీ' 32 జీబీకి పెరిగిందని కూడా సంబరపడొద్దు. జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ చిప్పు సొంత మెమరీ 4 జీబీ 4 జీబీగానే ఉంటుంది.

గేమ్‌ల కోసమే అయితే ఈ కిట్ వద్దు. రెండు 16లు చాలు, మిగిలిన డబ్బు ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. పెళ్లి వీడియోలు ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసే స్టూడియోలు, రెండు మూడు వర్చువల్ మెషీన్లు కలిపి నడిపే ఇంజనీరింగ్ విద్యార్థులు, బ్లెండర్‌లో పెద్ద సీన్లు కట్టేవాళ్లు మాత్రం తేడా మొదటి రోజే చూస్తారు. సొంత ల్యాప్‌టాప్‌లో ఏఐ మోడల్ నడపాలనుకునేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. 2933 వేగంతో రెండు చానళ్లూ కలిపి సెకనుకు 47 జీబీ కూడా రాదు. ప్రతిసారీ అన్ని భాగాలనూ వాడే 40 జీబీ మోడల్ అయితే ఒక్కో టోకెన్‌కీ (జవాబులో ఒక మాట ముక్క) మొత్తం చదవాలి, అంటే సెకనుకు ఒక టోకెన్. మోడల్ పడుతుంది, కానీ పరుగెత్తదు.

పాత స్టిక్కులు అమ్మేయకండి. హామీ ఇచ్చింది 32 దాకానే కాబట్టి, ల్యాప్‌టాప్ సర్వీస్‌కి వెళ్లేటప్పుడు కంపెనీ ఇచ్చిన ర్యామ్ తిరిగి పెట్టి పంపాలి. కొత్త కిట్ వచ్చిన ప్లాస్టిక్ కవర్‌లోనే వాటిని పెట్టి, రెండు బిల్లులూ జతచేసి బీరువాలో దాచండి.