మా వాడి ఫుట్‌బాల్ కోచింగ్: ఆరు గోల్స్‌తో ఓడినా ఎందుకు మాన్పించలేదంటే

నెల్లూరులో పిల్లకాయలకి ఫుట్‌బాల్ ఎక్కడ బాగా నేర్పిస్తారని ఈ మధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. క్రికెట్ అయితే ఏ సందులో అడిగినా చెప్తారు, ఫుట్‌బాల్‌కి అట్లా కాదు. మా వాడికి పదిహేనేళ్లు. మొదట పది నెలలు ఒక చోట ఆడాడు. తర్వాత ఏడాదిన్నరగా ఇప్పుడున్న సారు దగ్గర ఆడుతున్నాడు. రెండు పద్ధతులూ దగ్గరుండి చూశాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

సారు తన పేరు పెట్టొద్దన్నారు. ఇప్పటికే ముప్పై రెండు మంది పిల్లలున్నారు, బంతులు పద్నాలుగే. ఇంకా ఎక్కువమంది వస్తే ఒక్కొక్కరినీ విడిగా చూడలేనని ఆయన భయం. మాగుంట లేఅవుట్ నుంచి బండి మీద పది నిమిషాల్లో చేరే స్కూలు గ్రౌండ్ అది. పొద్దున ఆరింటికి ఆ దారిన వెళ్తే నీలం రంగు కోన్లు వరసగా పెట్టి కనిపిస్తాయి.

ముందు మామూలు వివరాలు. ఫీజు నెలకి పన్నెండొందలు. వారానికి నాలుగు రోజులు, పొద్దున ఐదూ ముప్పావు నుంచి ఏడున్నర దాకా. ఆదివారం మ్యాచ్. గ్రౌండ్‌లో గడ్డి లేదు, గట్టి నేల. అందుకే ఇనుప స్టడ్స్ ఉన్న ఖరీదైన బూట్లు కొనొద్దని మొదటి రోజే చెప్తారు. రబ్బరు అడుగున్న టర్ఫ్ షూ చాలు. బంతులు కూడా రబ్బరువే, నివియా స్టార్మ్. పన్నెండేళ్ల లోపు వాళ్లకి నాలుగో సైజు, పైవాళ్లకి ఐదో సైజు ఇస్తారు. ఇది చిన్న విషయం కాదు. ముందు చోట తొమ్మిదేళ్ల పిల్లల చేత కూడా ఐదో సైజే తన్నించేవాళ్లు. కాలినొప్పి అంటే ఓర్చుకోమనేవాళ్లు. అక్టోబర్, నవంబర్ వానలకి గ్రౌండ్ చెరువైపోతుంది. పోయిన ఏడు మూడు వారాలు క్లాసు లేదు, ఆ నెల సగం ఫీజే తీసుకున్నారు.

ఇక ముందు చోటు సంగతి. అక్కడ ఫీజు దీనికి రెట్టింపు. ఆఫీసు గదిలో అద్దాల బీరువా నిండా కప్పులు. ఆ కప్పులు చూసే చేర్పించాను. మా వాడు పది నెలల్లో ఒక్క రోజు కూడా మానకుండా వెళ్లాడు. సంక్రాంతి సెలవుల్లో కావలిలో అండర్-14 టోర్నీ వచ్చింది. వారం ముందు నలుగురు కొత్త పిల్లలు దిగారు. వాళ్ల గొంతులు వింటేనే వయసు తెలుస్తోంది. ఒకడికి మీసం గీసిన ఆనవాళ్లున్నాయి. కాగితాల మీద మాత్రం అందరికీ పదమూడేళ్లే. నాలుగు మ్యాచ్‌లు ఆడారు, కప్పు కొట్టారు. ఆ నాలుగు మ్యాచ్‌ల్లో మా వాడు ఒక్క నిమిషం కూడా ఆడలేదు. నీళ్ల బాటిళ్లు అందించాడు. మెడల్ మాత్రం వాడికీ ఇచ్చారు. రెండు నెలల తర్వాత మా ఆవిడ బూట్ల సంచి ఉతకబోతే, అడుగున సాక్సులో చుట్టి పెట్టిన ఆ మెడల్ దొరికింది. వాడు ఇంట్లో ఎవరికీ చూపించలేదు.

పెద్ద పోటీల్లో ఇలాంటివి పట్టుకోవడానికి పరీక్షలున్నాయి. మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు లెక్కగడుతుంది. అండర్-17 వరల్డ్ కప్‌లో ఫిఫా 2009 నుంచి మణికట్టుకి ఎమ్మారై స్కాన్ పెట్టింది. మన ఊళ్ల టోర్నీల్లో ఎక్స్‌రేలు ఎవరు తీస్తారు? అందుకే ఆ పని తల్లిదండ్రుల కళ్లే చెయ్యాలి. బీరువాలో కప్పులు లెక్కపెట్టకండి. కప్పు కొట్టిన ఫోటోలో ఉన్న పిల్లల్లో ఎంతమంది రోజూ ప్రాక్టీసుకి వస్తున్నారో అడగండి. నేను అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడున్న సారు దగ్గర నాకు నచ్చింది ఏంటో చెప్పాలంటే పోయిన ఏడాది జరిగింది చెప్పాలి. పిల్లల బ్యాచ్‌లతో పాటు ఆయనకి సెవెన్స్, అంటే జట్టుకి ఏడుగురే ఉండే ఫుట్‌బాల్, ఆడే పెద్దవాళ్ల టీమ్ ఒకటుంది. వయసు పరిమితి లేని ఓపెన్ టోర్నీలు ఆడతారు. ముందు సంవత్సరం ఫైనల్ దాకా వెళ్లారు. తర్వాత ఆ ఏడుగురిలో నలుగురికి ఉద్యోగాలొచ్చాయి. ఇద్దరు చెన్నై, ఒకడు బెంగళూరు, ఒకడు శ్రీసిటీ. టీమ్ ఖాళీ అయింది. జెర్సీలు, ఎంట్రీ ఫీజులు ఇచ్చే బట్టల షాపాయన, ఈసారి కప్పు వస్తేనే వచ్చే ఏడు డబ్బులిస్తానన్నాడు. ఆయన్ని తప్పు పట్టను, ఆయన డబ్బు ఆయనది. చెన్నై నుంచి గెస్ట్ ప్లేయర్లని పిలిపిస్తే ఒక్కొక్కరికి మ్యాచ్‌కి పదిహేనొందలు, బస్సు చార్జీలు. ఇంకో దారి, పదిహేను పదహారేళ్ల మన పిల్లల్నే పెద్ద టీమ్‌లోకి ఎక్కించడం.

సారు ఒక ఆదివారం మమ్మల్నందర్నీ గ్రౌండ్‌కి పిలిచి ఈ రెండు దార్లూ మా ముందు పెట్టారు. వేపచెట్టు కింద గంటన్నర వాదించుకున్నాం. పోర్టులో పనిచేసే ఒకాయన, "సార్, ఒక్క కప్పు కొడితే పేరొస్తుంది. పేరొస్తే పిల్లకాయలు వాళ్లంతట వాళ్లే వస్తారు. ముందు గెలవండి, తర్వాత పెంచుదురు" అన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. గెలవని టీమ్‌కి ఎవరూ జెర్సీలు కుట్టించరు.

నేను పారిస్ టీమ్ పీఎస్‌జీ సంగతి చెప్పాను. వాళ్లు 2017లో నెయ్‌మార్ ఒక్కడికే 222 మిలియన్ యూరోలు పెట్టారు. 2021లో మెస్సీ కూడా వచ్చాడు, ఎంబాపె అప్పటికే ఉన్నాడు. ముగ్గురూ కలిసి ఆడిన రెండు సీజన్లలోనూ యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్‌లో ప్రీక్వార్టర్స్ దాటలేదు. ఒకసారి రియల్ మాడ్రిడ్, ఒకసారి బేయర్న్ ఇంటికి పంపాయి. ఆ ముగ్గురూ వెళ్లిపోయాక, 2025 మేలో మ్యూనిక్‌లో ఇటలీ క్లబ్బు ఇంటర్ మీద 5-0తో ఆ కప్పు మొదటిసారి కొట్టారు. రెండు గోల్స్ వేసిన దువే వయసు పంతొమ్మిది. ఐదో గోల్ వేసిన మయులూకీ పంతొమ్మిదే. ఆ ఫైనల్ మా వాడూ నేనూ రాత్రి హాల్లో సౌండ్ తగ్గించుకుని చూశాం.

సారు నన్ను ఆపి ఇంకో మాట చెప్పారు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. "అన్నా, పారిస్ వాళ్లు పిల్లలకి కూడా కోట్లు పెట్టే తెచ్చుకున్నారు. మన లెక్క వేరు. ఇండియన్ యారోస్‌ని చూడండి" అన్నారు. 2017లో మన దేశంలో జరిగిన అండర్-17 వరల్డ్ కప్‌లో ఆడిన పిల్లలే ఎక్కువమందిగా, ఫెడరేషన్ ఐ-లీగ్‌లో, అంటే మన దేశపు క్లబ్బుల పోటీలో, దింపిన టీమ్ అది. మొదటి సీజన్‌లో అట్టడుగున మిగిలింది. కానీ కొలంబియా మీద తలతో గోల్ కొట్టి ఫిఫా వరల్డ్ కప్ టోర్నీల్లో మన దేశానికి మొదటి గోల్ తెచ్చిన జీక్‌సన్ సింగ్ ఆ టీమ్‌లోనే పెద్దవాళ్ల ఆటకి అలవాటుపడ్డాడు. తర్వాత కేరళ బ్లాస్టర్స్‌కీ దేశం సీనియర్ టీమ్‌కీ ఆడాడు. 2022లో ఆ టీమ్‌ని మూసేశారు. "పట్టికలో వాళ్ల స్థానం చూసినవాళ్లకి ఓటమే కనిపించింది. మన పిల్లలు ఓడతారని తెలిసే పెద్ద టీమ్‌లోకి పంపుతున్నా, ఆ సంగతి మీకు ముందే చెప్తున్నా" అన్నారు సారు.

చెప్పినట్టే ఓడారు. మొదటి మ్యాచ్ 6-0. అవతలి టీమ్‌లో పాతికేళ్ల వాళ్లు, భుజం తగిలితే మా పిల్లలు నేల మీద. మా వాడి మోచెయ్యి గీరుకుపోయి రక్తం కారింది. రెండో మ్యాచ్ 4-1. షాపాయన రెండో మ్యాచ్ సగంలోనే వెళ్లిపోయాడు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో ఇద్దరు తండ్రులు గట్టిగానే రాశారు, ఒకాయన కొడుకుని మాన్పించాడు.

మర్నాడు సారు ఒక నోట్‌బుక్ తెచ్చారు. ఏ పిల్లవాడు ఏ మ్యాచ్‌లో ఎన్ని నిమిషాలు ఆడాడు, ఎక్కడ ఆడాడు, బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నాడు, అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నారు. ఇరవై నిమిషాల కంటే తక్కువ ఆడినవాడు అందులో ఒక్కడు లేడు. మా వాడి పేరు ఎదురుగా "ఎడమ కాలు వాడటం లేదు, తల ఎత్తి చూస్తున్నాడు" అని ఉంది. పది నెలలు డబ్బు కట్టిన చోట మా వాడి గురించి ఇలాంటి వాక్యం ఒక్కటీ ఎవరూ చెప్పలేదు.

అయితే ఆ రోజు సారుతో నేను ఒక విషయంలో గట్టిగా విభేదించాను. నాది రొయ్యల మేత వ్యాపారం, ఇరవై ఏళ్లుగా చెరువుల గట్ల మీద తిరుగుతున్నాను. ధర పడిపోతుందని భయపడి డెబ్భై రోజులకే పట్టుబడి చేస్తే వంద కౌంటు, అంటే కిలోకి వంద రొయ్యలు. ఇంకో నలభై రోజులు మేపితే యాభై కౌంటుకి వస్తాయి, ధర ఎక్కడికో పోతుంది. ఇంతవరకూ అందరికీ తెలుసు. కానీ ఆ నలభై రోజులూ రైతు చేతులు కట్టుకుని కూర్చోడు. పొద్దున మేత వేసి నీళ్లలో దించిన చెక్ ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో చూస్తాడు. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రాత్రంతా నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పుతాడు. ఏరేటర్ లేకుండా ఓపిక ఒక్కటే పట్టినవాడి చెరువులో రొయ్యలు ఒక్క రాత్రిలో చచ్చి తేలిపోవడం నా కళ్లతో చూశాను. పిల్లల్నొక్కళ్లనే పాతికేళ్ల వాళ్ల మీదికి వదలడం నాకు అట్లాగే అనిపించింది. అదే సారుకి చెప్పాను.

1995లో చాంపియన్స్ లీగ్ గెలిచిన నెదర్లాండ్స్ క్లబ్బు అయాక్స్‌ని అందరూ పిల్లల టీమ్ అంటారు. ఫైనల్లో ఏసీ మిలాన్ మీద 85వ నిమిషంలో గోల్ కొట్టిన క్లైవర్ట్‌కి పద్దెనిమిదేళ్లు. కానీ వెనకాల రైకార్డ్, బ్లిండ్ ఉన్నారు, ఇద్దరూ ముప్పై దాటినవాళ్లే. అదే సంవత్సరం ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ కుర్రాళ్లతో దిగి మొదటి మ్యాచ్ ఆస్టన్ విల్లా చేతిలో 3-1తో ఓడింది. పిల్లలతో ఏమీ గెలవలేరని ఆ రాత్రి టీవీలో వ్యాఖ్యాత అలన్ హాన్సెన్ అన్నాడు. ఆ సీజన్ చివరికి లీగూ, ఎఫ్‌ఏ కప్పూ రెండూ వాళ్లే గెలిచారు. బెకమ్, స్కోల్స్ పక్కన గోల్‌లో ష్మైకెల్, ముందు కాంటోనా ఉన్నారన్నది మర్చిపోకూడదు. బయటి వాళ్లని అద్దెకి తెచ్చుకోవడం వేరు, మన దగ్గరే ఆడి పెరిగిన పెద్దవాళ్లని పిల్లల పక్కన నిలబెట్టడం వేరు.

సారు నా మాట విని రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు పాత ప్లేయర్లకి ఫోన్ చేశారు. చెన్నైలో ఉన్న ఇద్దరిలో ఒకడు శనివారం రాత్రి రైలెక్కి వచ్చి ఆదివారం వెనకాల ఆడటం మొదలుపెట్టాడు. రూపాయి తీసుకోడు, టికెట్ కూడా తనే పెట్టుకుంటాడు. ఇప్పుడు గోలీ కాకుండా ఒక్క పెద్దవాడు, మిగతా ఐదుగురూ పిల్లలే. మ్యాచ్ అంతా అతని గొంతే వినిపిస్తుంది, "ఎడమకి జరుగు, వాణ్ని వదిలెయ్, బంతి చూడు" అని. నాలుగో మ్యాచ్ 1-1 డ్రా. ఆరో మ్యాచ్ 2-1తో గెలిచారు. మా వాడు ఒక గోల్ చేయించాడు, ఎడమ కాలితో. కప్పు రాలేదు, గ్రూపు దశలోనే బయటికొచ్చారు. షాపాయన డబ్బులివ్వడం మానేశాడు. ఇప్పుడు మేమే తలా మూడొందలు వేసుకుంటున్నాం.

వేసవిలో పిల్లల్ని అనంతపురం తీసుకెళ్లారు, ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల గ్రౌండ్లు చూపించడానికి. పల్లెల పిల్లల్ని చేరదీసి ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ నేర్పుతున్న చోటది. మా వాడు గడ్డి గ్రౌండ్ మీద మొదటిసారి అడుగుపెట్టింది అక్కడే. ఆడటం మొదలుపెట్టకముందు వంగి అరచేత్తో ఆ గడ్డిని తడిమి చూశాడు. మనకున్న గ్రౌండ్ల మీద కూడా అంత గడ్డి ఎందుకు ఉండకూడదని ఆ రోజు నుంచి అడుగుతూనే ఉన్నాను.

లోపాలు కూడా చెప్పాలి. ఐదుగురు ఆడపిల్లలు వస్తున్నారు. గ్రౌండ్ పక్కన వాళ్లకి బాత్రూమ్ లేదు, ఎదురింటి అమ్మగారు దయతలిచి తలుపు తీస్తున్నారు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తేలలేదు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె కూడా మా వాడి మోచెయ్యి గీరుకుపోయాకే వచ్చింది. పదేళ్ల లోపు పిల్లలకి విడిగా ఇంకో కోచ్ ఉండాలి, సారు ఒక్కరే రెండు వైపులా పరిగెడుతున్నారు. అందుకే ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గిన ఆ ఒక్కటీ బాత్రూమ్ కోసమే.

చేర్పించాలనుకుంటే మొదటి వారం ఫీజు అడగరు. వాటర్ బాటిల్, టర్ఫ్ షూ, మోకాళ్ల దాకా సాక్సులు పంపండి. మీరూ ఒక ఆదివారం వచ్చి చూడండి. ఆట అయ్యాక సారుని ఆ నోట్‌బుక్ అడిగితే దాచుకోకుండా చూపిస్తారు.