మ్యూజిక్ సర్వర్ దొరక్కపోతే వీళ్లని పిలవండి, నల్లగొండ

పాటలన్నీ పెట్టుకున్న సర్వర్ ఉన్నట్టుండి టీవీకి, ఫోన్లకి కనిపించడం మానేసింది. క్లాక్ టవర్ దగ్గరి కంప్యూటర్ షాపు నుంచి వచ్చిన తమ్ముడు ముందు ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్లు) చూశాడు, సర్వర్‌ది 192.168.1తో, ఫోన్‌ది 192.168.0తో మొదలవుతున్నాయి, అంటే ఫైబర్ బాక్స్‌ది ఒక నెట్‌వర్క్, దానికి తగిలించిన కొత్త రౌటర్‌ది ఇంకో నెట్‌వర్క్ అన్నమాట. డీఎల్‌ఎన్‌ఏలో, అంటే ఇంట్లోని పరికరాలు పాటలు, వీడియోలు పంచుకునే పద్ధతిలో, సర్వర్‌ని వెతికే పిలుపు 239.255.255.250కి, యూడీపీ 1900 పోర్ట్‌లో పోతుంది, మామూలుగా అది రౌటర్ దాటదు. రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాడు, అంటే అది వేరే నెట్‌వర్క్ పెట్టకుండా ఫైబర్ బాక్స్ నెట్‌వర్క్‌నే వైఫైగా ఇస్తుంది, అన్నీ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చి టీవీలో పాటల లిస్టు వచ్చేసింది. కొత్త రౌటర్ కొనమని అనలేదు, అది నాకు చాలా నచ్చింది. చెప్పిన టైముకి మాత్రం రారు, ఫోన్ చేస్తూ ఉండాలి. పని తెలిసినవాళ్లు, ధైర్యంగా పిలవండి.