చేప కంటికని అమ్మే చుక్కల మందుతో జాగ్రత్త: ఉప్పునీటి అక్వేరియం ట్యాంక్ ఉన్నవాళ్లకు హెచ్చరిక

చేప కన్ను ఉబ్బిందనో, కంటి మీద తెల్లటి పొర వచ్చిందనో కంగారుపడి, సీసా మీద ఏమేం కలిపారో రాయని మందు కొనకండి. ఒకవేళ కొన్నా, అన్ని జీవులూ కలిసి ఉండే మెయిన్ ట్యాంక్‌లో మాత్రం పోయకండి. నేను పోశాను. ఏళ్ల తరబడి పెంచుకున్న ట్యాంక్‌లో నత్తలు, రొయ్యలు, చాలా మటుకు కోరల్స్ (పగడపు జీవులు) వారం తిరగకుండా పోయాయి.

ఒకరోజు పొద్దున మేత వేస్తుంటే మా ఎల్లో టాంగ్ అనే పసుపు చేప ఎడమ కన్ను తేడాగా కనిపించింది. పక్కనుంచి చూస్తే కంటి చుట్టూ సన్నటి తెల్ల వలయం. పైనుంచి చూస్తే ఆ ఒక్క కన్నే పూసలా బయటికి పొడుచుకొచ్చింది. కుడి కన్ను బాగానే ఉంది, మేత మానలేదు, ఊపిరి కూడా మామూలుగానే తీస్తోంది. దీన్నే పాప్ ఐ అంటారు. ఇవన్నీ కళ్లారా చూసి కూడా నిదానించలేకపోయాను. టెన్షన్‌లో ఆన్‌లైన్‌లో మందు వెతికాను.

'అన్ని కంటి జబ్బులకూ ఒకే మందు, రీఫ్ సేఫ్' (అంటే కోరల్స్ ఉన్న ట్యాంక్‌కి హాని చేయదని) అని అమ్మకం పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది. అయినా నమ్మకం కుదరక ఫోన్ చేసి, మా ట్యాంక్‌లో రొయ్యలు, కోరల్స్ ఉన్నాయని చెప్పి మరీ అడిగాను. "ఏం భయం లేదండీ, నేరుగా ట్యాంక్‌లోనే వేసేయండి" అన్నారు. సీసా మీద రాసిన మోతాదునే సిరంజితో కొలిచి వేశాను.

మొదటి రోజు ఏమీ కాలేదు. రెండో రోజు సాయంత్రం అద్దాన్ని పట్టుకుని ఉండే నత్తలు ఒక్కొక్కటే పట్టు వదిలి ఇసుకలో వెల్లకిలా పడ్డాయి. సరిచేసి పెడితే మళ్లీ పడిపోయాయి. నేను చెయ్యి పెడితే చాలు పరుగున వచ్చి గోళ్ల సందులు శుభ్రం చేసే క్లీనర్ రొయ్య మూడో రోజు పొద్దున రాయి కింద పక్కకి ఒరిగిపోయి ఉంది. మీసాలు మాత్రం కొద్దికొద్దిగా కదులుతున్నాయి. మధ్యాహ్నానికి అవీ ఆగిపోయాయి. ఇవన్నీ కుళ్లడం మొదలయ్యేసరికి నీళ్లలో అమ్మోనియా పెరిగింది.

అనుమానం వచ్చి కాపర్ టెస్ట్ కిట్‌తో చూస్తే నీళ్లలో రాగి ఉన్నట్టు తేలింది. ఇంకెక్కడి నుంచైనా వచ్చిందేమోనని, కొత్తగా కలిపిన ఉప్పునీళ్లు రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో మాత్రం ఆ మందు ఒక్క చుక్క వేశాను. మందు వేసిన గ్లాసులోనే రాగి కనిపించింది. తర్వాత సీసా వెనక అమ్మినవాళ్లు అంటించిన స్టిక్కర్‌ని తడిపి ఊడదీస్తే, దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: వెన్నెముక లేని జీవులున్న ట్యాంక్‌లో వాడరాదు. ఆ ఫోటోతో సహా అడిగితే, మీరే మోతాదు ఎక్కువ వేసి ఉంటారు, తెరిచిన సీసా వెనక్కి తీసుకోం అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

కాపర్ మంచి మందే. తెల్లమచ్చల జబ్బుకీ, వెల్వెట్‌కీ, అంటే పరాన్నజీవులు తెచ్చే జబ్బులకి, లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల సాధారణ కాపర్‌ని, జబ్బు చేపని వేరుగా ఉంచే విడి ట్యాంక్‌లో వాడతారు. చేప తట్టుకునే ఆ మోతాదును నత్తలు, రొయ్యలు, కోరల్స్ తట్టుకోలేవు. పైగా దెబ్బ తగిలిన కంటికి కాపర్ చేసే మేలు ఏమీ లేదు. మా టాంగ్‌కి అసలు అవసరమే లేని మందు కోసం మిగతావి చాలా వరకు చచ్చిపోయాయి.

ఒక్క కన్నే ఉబ్బితే ఎక్కువసార్లు రాయికి కొట్టుకునో, ఇంకో చేపతో పోట్లాడో తగిలిన దెబ్బే అయి ఉంటుంది. రెండు కళ్లూ ఉబ్బితే లోపలి ఇన్‌ఫెక్షన్‌నో, నీటి నాణ్యతనో అనుమానించాలి. కంటి లోపల బుడగలు కనిపిస్తే పంపు ఎక్కడైనా గాలి పీలుస్తోందేమో చూడండి. నీళ్లలో గాలి మోతాదు మించినా కళ్లు ఉబ్బుతాయి. పొర కమ్మినట్టు మసకగా ఉండి, చేప ఒళ్లు రాళ్లకి రుద్దుకుంటుంటే ఫ్లూక్స్ అనే పురుగులు కావచ్చు, వాటికి ప్రాజిక్వాంటెల్ అనే మందు పనిచేస్తుంది. ఒక్కోదానికి ఒక్కో కారణం, ఒక్కో మందు ఉన్నప్పుడు అన్నిటికీ ఒకే సీసా అనే మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది.

యాంటీబయాటిక్ వేయాల్సి వచ్చినా విడి ట్యాంక్‌లోనే వేయండి. ఫిల్టర్‌లో అమ్మోనియాని తినే బ్యాక్టీరియాని కూడా అది చంపేయగలదు. టెట్రాసైక్లిన్ అయితే సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసిపోతుంది కాబట్టి దాని బలం చాలా వరకు తగ్గిపోతుంది. మంచినీటి చేపలకి పనిచేసిందని ఎవరో చెప్పారని మనం దాన్ని కొనడం దండగ.

టాంగ్‌ని మాత్రం కాపాడుకోగలిగాను. ఇసుక, రాళ్లు లేని చిన్న ట్యాంక్‌లో స్పాంజ్ ఫిల్టర్, హీటర్, దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క పెట్టాను. 20 లీటర్లకు ఒక టీ స్పూన్ చొప్పున ఎప్సమ్ సాల్ట్ కలిపాను. వంట ఉప్పు కాదు, మెగ్నీషియం సల్ఫేట్. కంటి వెనక చేరిన నీరు లాగడానికి దాన్ని వాడతారు. రోజూ అమ్మోనియా చూసుకుంటూ కొంచెం కొంచెం నీళ్లు మార్చాను. రెండు వారాలకు వాపు దిగింది. కంటి మీద చిన్న మసక మచ్చ మిగిలింది కానీ, మేత ఎటు పడ్డా ఠక్కున పట్టుకుంటోంది.

మెయిన్ ట్యాంక్ మాత్రం ఇంకా కోలుకోలేదు. లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న జీవులు పట్టి ఉండే రాళ్లు), ఇసుక రాగిని పీల్చుకుని మెల్లమెల్లగా వదులుతుంటాయి. నీళ్లు ఎన్నిసార్లు మార్చినా కొన్నాళ్లకు టెస్ట్‌లో మళ్లీ కనిపిస్తోంది. చివరికి రాళ్లన్నీ తీసేసి బకెట్లలో పెట్టాను. చూడటానికి అందంగానే ఉన్నాయి, ఇద్దరు ముగ్గురు కొంటామని కూడా అడిగారు. కాపర్ తగిలిన రాళ్లని చెప్పి ఇవ్వలేదు. మీరు ఎవరి దగ్గరైనా వాడిన రాళ్లు కొంటుంటే, ఆ ట్యాంక్‌లో ఎప్పుడైనా కాపర్ వాడారా అని ముందు అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ రాళ్లు వేసిన నీళ్లని టెస్ట్ చేశాకే డబ్బులివ్వండి.