లినక్స్ పర్ఫ్: కౌంటర్ల పంపకంలో నాకు నచ్చింది, నచ్చనిది

ప్రోగ్రాములు ఎక్కడ నెమ్మదిస్తున్నాయో వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. అందుకు రోజూ వాడే సాధనం పర్ఫ్. దీన్ని నేను నమ్మడానికి ముఖ్య కారణం, ప్రాసెసర్‌లో ఉన్న కాసిని కౌంటర్లను (లోపల జరిగే ఘటనలను, అంటే ఈవెంట్లను, లెక్కపెట్టే హార్డ్‌వేర్ భాగాలను) అది పంచే తీరు.

పాత రోజుల్లో ఓప్రొఫైల్ అనే ఇలాంటి సాధనం నడపాలంటే ముందు ఎన్ఎంఐ వాచ్‌డాగ్‌ని (సీపీయూ బిగుసుకుపోతే పట్టిచ్చే, లినక్స్ మూలభాగమైన కర్నెల్‌లోని కాపలాదారుని) ఆపాల్సి వచ్చేది. రెండూ అవే కౌంటర్ల కోసం పోటీపడేవి. 2009లో 2.6.31 కర్నెల్‌తో పర్ఫ్ వచ్చాక పంపకమంతా ఒకే చోటికి చేరింది. తర్వాత వాచ్‌డాగ్ కూడా పర్ఫ్‌నే అడిగి కౌంటర్ తీసుకోవడం మొదలుపెట్టింది.

అడిగిన ఈవెంట్లు ఎక్కువై కౌంటర్లు చాలకపోతే పర్ఫ్ వాటిని వంతులవారీగా లెక్కపెడుతుంది. ఒక్కో ఈవెంట్‌ని ఎంత శాతం సమయం లెక్కించిందో పక్కనే వేస్తుంది, మిగతా సమయానికి అంచనా కడుతుంది. ఆ శాతం దాచకుండా చూపించడం నాకు ఎంతో ఇష్టం. క్షణంలో ముగిసిపోయే ప్రోగ్రాముల విషయంలో మాత్రం ఆ అంచనాని నేను లెక్కలోకి తీసుకోను.

ఇబ్బంది గ్రూపులతో, అంటే అన్నీ ఒకేసారి లెక్కించమని కలిపి అడిగే ఈవెంట్లతో, వస్తుంది. హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండు థ్రెడ్‌లుగా పనిచేయడం) ఉన్న ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్‌లో ఒక్కో థ్రెడ్‌కి రకరకాల ఈవెంట్లు లెక్కించగల 4 సాధారణ కౌంటర్లు, ఒక్కో ఈవెంట్‌కే కేటాయించిన 3 ఫిక్స్‌డ్ కౌంటర్లు ఉంటాయి. సైకిల్స్ (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) లెక్కించే ఫిక్స్‌డ్ కౌంటర్‌ని వాచ్‌డాగ్ పట్టుకుని కూర్చుంటుంది. మనం సైకిల్స్‌తో పాటు మరో నాలుగు సాధారణ ఈవెంట్లు ఒకే గ్రూపులో అడిగామనుకోండి, కర్నెల్ సరేనంటుంది. ఎందుకంటే కౌంటర్లన్నీ ఖాళీగా ఉన్నాయనుకుని సరిచూస్తుంది. తీరా నడిపితే సైకిల్స్‌కి కూడా సాధారణ కౌంటరే కావాల్సి వచ్చి, ఉన్న నాలుగూ చాలక గ్రూపు మొత్తానికీ 'లెక్కించలేదు' అని వస్తుంది. మొదటే కుదరదని చెప్పేస్తే ఎంత సమయం కలిసొచ్చేదో! వాచ్‌డాగ్ ఆపి చూడమని పర్ఫ్ సలహా అయితే ఇస్తుంది కానీ, కౌంటర్ వేరే ప్రోగ్రామ్ చేతిలో ఉంటే ఆ సంగతి చెప్పదు.

అసలు పనిలో ఉన్న సర్వర్లో వాచ్‌డాగ్ ఆపమంటే నాకు టెన్షనే. ఇంటరప్ట్‌లు ఆగిపోయి ఒక సీపీయూ బిగుసుకుపోతే పట్టిచ్చేది అదే కదా. 6.5 కర్నెల్ నుంచి దీనికి మంచి దారి దొరికింది. 'బడ్డీ' పద్ధతిలో ఒక సీపీయూని మరో సీపీయూ కనిపెట్టుకుని ఉంటుంది, కౌంటర్ అక్కర్లేదు. మా టెస్ట్ సర్వర్లకి అలా కట్టిన కర్నెల్‌నే పెట్టించాను. ఐదు ఈవెంట్ల గ్రూపు ఇప్పుడు వాచ్‌డాగ్ ఆపకుండానే నడుస్తోంది.