విశాఖ స్టేషన్‌లో ఇంజిన్ ఎటు వైపు?

ఈ స్టేషన్ మీద నాకున్న కోపమంతా ఒక్క లెక్క మీదే: ‘ఇంజిన్ నుంచి ఎన్నో బోగీ’. వేరే ఊళ్ళలో ఫోన్‌లో ఆ వరస చూసుకుని ధైర్యంగా నిలబడొచ్చు. ఇక్కడ అలా నిలబడితే, ముందుంటుందనుకున్న ఎస్-2 ఒక్కోసారి ఆ చివర తేలుతుంది. ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం పెట్టె ఒక్కోటి దాదాపు 24 మీటర్లు. 22 పెట్టెల బండి ఒక కొస నుంచి రెండో కొసకి అర కిలోమీటరు పైనే. సామాన్లతో, పెద్దవాళ్ళతో ఆ నడక చిన్న విషయం కాదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, విజయవాడ వైపు నుంచి వచ్చే దువ్వాడ లైనూ, విజయనగరం వైపు నుంచి వచ్చే కొత్తవలస లైనూ రెండూ పక్క స్టేషన్ మర్రిపాలెం మీదుగానే స్టేషన్‌లోకి వస్తాయి. అవతలి కొసన దారి లేదు. కోణార్క్, ప్రశాంతి లాంటి బళ్ళు వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి. అందుకే ఇక్కడ పాత ఇంజిన్ విప్పి రెండో కొసన వేరేది తగిలిస్తారు, గాలి గొట్టాలు కలిపి బ్రేకులు పరీక్షిస్తారు, గార్డు ఇటు నుంచి అటు మారతాడు. పెట్టెలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. తిరగబడేది లెక్కే. వచ్చేటప్పుడు ఇంజిన్ నుంచి మూడోది, వెళ్ళేటప్పుడు చివర్నుంచి మూడోది. యాప్ చూపించే వరస వచ్చిన ఇంజిన్‌దా, వెళ్ళే ఇంజిన్‌దా అన్నది చాలాసార్లు అర్థం కాదు.

దీనికి విరుగుడు ఉంది. ఎక్కేవాళ్ళు విశాఖ వరస వదిలేసి, ఆ బండి తర్వాత ఆగే స్టేషన్ వరస తెరవాలి. అది వెళ్ళే ఇంజిన్ నుంచి లెక్క. విశాఖ నుంచి బయల్దేరే ఏ బండికైనా ఇంజిన్ మర్రిపాలెం కొసనే కాబట్టి, ఆ కొస నుంచి లెక్కపెట్టుకుంటే సరి. మెయిన్ గేటులోంచి వచ్చి పట్టాల వైపు చూస్తే మర్రిపాలెం కుడి చేతి వైపు. జ్ఞానాపురం గేటులోంచి వస్తే ఎడమ చేతి వైపు. గోదావరి ఎక్స్‌ప్రెస్ లాగా ఇక్కడే బయల్దేరే బళ్ళతో ఈ బెడద లేదు. చుట్టాలని దింపుకోడానికి వెళ్ళేవాళ్ళకి మాత్రం పద్ధతి తిరగెయ్యాలి: వెనక ఆగిన స్టేషన్ వరస చూసి, దారి లేని కొస నుంచి లెక్కపెట్టాలి.

ఛైర్‌కార్‌లో ఎదురుగా చూసే సీటని ఎంచుకుని విజయవాడలో ఎక్కినా, బండి విశాఖ దాటి వెళ్ళేదైతే ఇక్కణ్ణించి వెనక్కి ప్రయాణమే. కడుపులో తిప్పేవాళ్ళు ముందే తెలుసుకోవాలి.

ఆగేది పదిహేను ఇరవై నిమిషాలు కాబట్టి ఎక్కేవాళ్ళు ఎలాగో సర్దుకుంటారు, ఇడ్లీ పొట్లం కూడా కొనుక్కోవచ్చు. అసలు ఇబ్బంది విజయనగరంలో. విజయవాడ వైపు స్టేషన్లకి చూపించిన వరస పట్టుకుని అక్కడ నిలబడితే, రెండు మూడు నిమిషాల్లో బండి పొడవునా పరుగెత్తాలి.

ఇంకో మెలిక. విశాఖకి రాకుండా దువ్వాడ నుంచి నేరుగా కొత్తవలస వైపు పోయే బళ్ళున్నాయి. టిక్కెట్టు మీద ఎక్కే స్టేషన్ దువ్వాడ అని ఉంటే మెయిన్ స్టేషన్‌కి వెళ్ళకండి. గాజువాక, కూర్మన్నపాలెం వాళ్ళకి దువ్వాడే దగ్గర, సీతమ్మధార వాళ్ళకి మాత్రం ఊరు దాటడమే.

బయటి సంగతికొస్తే, ఎనిమిదో నంబరు ప్లాట్‌ఫాం వైపున్న జ్ఞానాపురం గేటుని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆరు, ఏడు, ఎనిమిదిలో బండి ఉంటే మెట్లెక్కి దిగే పని తగ్గుతుంది. కాన్వెంట్ జంక్షన్ వైపు వాళ్ళు ఊరంతా చుట్టక్కర్లేదు. వాన గట్టిగా పడితే మాత్రం ఆ రోడ్ల మీద నీళ్ళు నిలుస్తాయి, ఆటో దొరకదు. ఆ రోజు మెయిన్ గేటే నయం. ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) అక్కణ్ణించి ఆటోలో కాసేపే, బస్సులు అక్కడ ఎక్కువ. విశాఖ మెట్రో మాట 2014 విభజన చట్టంలోనే ఉంది. అది పట్టాలెక్కేదాకా స్టేషన్ బయట ఆటో బేరం తప్పదు.

చేతి సంచితో ఒంటరిగా తిరిగేవాళ్ళకి ఈ స్టేషన్ హాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు అరగంట ముందే వెళ్ళి, మర్రిపాలెం కొస ఎటో చూసుకున్నాకే సామాన్లు దించండి.