ఒక్క రోజులో రెండు కొండ సరస్సులు: డబ్బు కట్టే ముందు ఈ లెక్క వేసుకోండి

"ఎత్తైన కొండల్లో రెండు సరస్సులు, ఒకే రోజు, గైడ్ వెంట ఉంటాడు, ఎవరైనా నడవొచ్చు" అని అమ్మే ప్యాకేజీలతో జాగ్రత్త. మాకు ప్రకటనలో చూపించింది ఎనిమిది మంది బృందం, ఇద్దరు గైడ్లు, రెండు సరస్సులు, ఆక్సిజన్ సౌకర్యం. తీరా వెళ్తే వేర్వేరు చోట్ల బుక్ చేసుకున్న ఇరవై మందికి పైగా జనం, ఒక్కడే గైడ్, కింది సరస్సు ఒక్కటే. రెండోది ఏదంటే "వాతావరణం బాగాలేదు, వాతావరణం వల్ల ఆగితే రీఫండ్ ఉండదు" అన్నారు. మబ్బు పట్టడం నిజమే. కానీ ఆ రెండో సరస్సు మబ్బు రాకముందే పోయింది, పొద్దున బండి ఆలస్యంగా కదిలినప్పుడే.

ఇలాంటి ప్రకటనల్లో దూరం ఒక్కటే పెద్దక్షరాల్లో ఉంటుంది: రానూపోనూ 16 కిలోమీటర్లు. ఎత్తు సంగతి చెప్పరు, చెప్పినా బండి ఆగే చోటుకీ సరస్సుకీ ఉన్న తేడా చెప్పి ఊరుకుంటారు. అసలు మోసం అక్కడే. ఇలాంటి సరస్సులు చాలావరకు హిమానీనదం తొలిచిన పల్లంలో ఉంటాయి, ముందు బండరాళ్ల గట్టు అడ్డంగా ఉంటుంది. ఆ గట్టెక్కి అవతలికి దిగాలి. రెండో సరస్సుకి మధ్యలో ఇంకో కనుమ ఉంటే, అటువైపు 200 మీటర్లు దిగిన వాళ్లు తిరుగుదారిలో, కాళ్లు మాట విననప్పుడు, ఆ 200 మీటర్లూ మళ్లీ ఎక్కాలి. అందుకే "మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లు?" అని అడగండి. జీపీఎక్స్ ఫైలు (నడిచిన దారి, ఎత్తు నమోదై ఉండే ఫైలు) పంపమనండి. తరచూ ఆ దారిలో నడిపించేవాళ్ల దగ్గర అది మామూలుగా ఉంటుంది.

ఇప్పుడు లెక్క. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఇంకా పనికొస్తుంది: సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికీ అదనంగా ఇంకో గంట. 16 కిలోమీటర్లు, 1,100 మీటర్ల ఎక్కుడు అనుకుంటే దాదాపు 5 గంటలు. ఇది మంచి దారిలో, ఆగకుండా నడిచే గట్టివాళ్ల లెక్క. 4,000 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో 60 శాతం చిల్లరే. పైగా రాళ్ల గుట్టల మీద దిగడం ఎక్కడమంత నిదానం. అలవాటు లేని బృందానికి ఒకటిన్నర రెట్లు వేసుకుంటే ఏడున్నర గంటలు, తిండికీ ఆగడానికీ గంటన్నర, మొత్తం 9 గంటలు. పొద్దున 6కి నడక మొదలైతే మధ్యాహ్నం 3కి కిందికొస్తారు. ఊరంతా తిరిగి జనాన్ని ఎక్కించుకుని 9:30కి మొదలుపెడితే సాయంత్రం 6:30. అంటే సరిగ్గా ఉరుములు పట్టే వేళకి పై సరస్సు ఒడ్డున, చెట్టూ నీడా లేని చోట నిలబడతారు.

వాగుల సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. మంచు కరిగి వచ్చే వాగు పొద్దున మోకాలి లోతుంటే, ఎండెక్కాక మధ్యాహ్నానికి తొడలదాకా రావచ్చు. వెళ్లేటప్పుడు దాటాం కదా అనే ధైర్యం తిరిగొచ్చేటప్పుడు పనికిరాదు. దాటేటప్పుడు, నీళ్లలో పడితే బ్యాగు వదిలించుకునేలా దాని నడుము బెల్టు విప్పేయమని గైడ్ చెప్పకపోతే అతని శిక్షణ ఏపాటిదో అక్కడే తెలుస్తుంది.

కాబట్టి అన్నిటికన్నా ముందు అడగాల్సింది వెనక్కి తిరిగే వేళ. "ఎక్కడున్నా ఎన్నింటికి వెనక్కి మళ్లుతారు?" దీనికి ఫలానా వేళకి అని కచ్చితంగా చెప్పేవాళ్లు నమ్మదగ్గవాళ్లు. "పరిస్థితిని బట్టి చూద్దాం సార్" అన్నారంటే డబ్బు కట్టకండి.

ఇక "ఆక్సిజన్ సౌకర్యం". చాలాసార్లు అది దోమల మందు డబ్బాలా ఉండే స్ప్రే క్యాన్. అందులో ఉండేది 5 నుంచి 10 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల చొప్పున వదిలితే 10 లీటర్ల క్యాన్ 5 నిమిషాల్లో ఖాళీ. ఎత్తు పడక తీవ్రంగా జబ్బుపడ్డ మనిషిని కిందికి దించడానికి గంటలు పడుతుంది. సిలిండరా, క్యానా, ఎన్ని లీటర్లు, మాస్కు ఉందా అని అడిగితే మాట మారుస్తారు చూడండి. వేలికి పెట్టే ఆక్సీమీటరు కూడా చల్లబడ్డ వేళ్ల మీద తప్పు చూపిస్తుంది, ఆ అంకె ఒక్కటే చూసి "మీరు బాగానే ఉన్నారు" అనేవాణ్ణి నమ్మొద్దు. తలనొప్పితో వాంతి వస్తుంటే ఇక ఎక్కకూడదు. మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత మీద నడవమంటే తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దించాలి, తోడుగా ఒక మనిషి ఉండాలి. ఉన్నది ఒక్క గైడే అయితే రోగితో దిగేదెవరు, మిగతా వాళ్లతో ఉండేదెవరు? ఇద్దరు గైడ్లుండాలనడం అందుకే, ఒకరు ముందు, ఒకరు అందరికన్నా వెనక. సముద్రమట్టం నుంచి వచ్చిన మర్నాడే 3,500 మీటర్ల దాకా కారులో తీసుకెళ్లి నడిపిస్తామనే ప్యాకేజీ ఎంత చవకైనా వదిలేయండి. ఎత్తు పడని జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్రలు వాడొచ్చా లేదా అన్నది ముందే డాక్టర్ని అడగాలి, గైడ్ జేబులోంచి తీసిస్తే వేసుకునేవి కావు.

ప్రయాణ బీమాలో చాలావరకు ట్రెక్కింగ్ ఎత్తుకి పరిమితి ఉంటుంది, ఆ లైను చదవండి.

డబ్బు విషయం. బుకింగ్ తీసుకునేదొకరు, నడిపించేదొకరు కావడం మామూలే. నడిపించే సంస్థ పేరు, గైడ్ల సంఖ్య, బృందంలో గరిష్ఠంగా ఎంతమంది, నడక మొదలయ్యే వేళ (బండి ఎక్కించుకునే వేళ కాదు), ఈ నాలుగూ మెసేజ్‌లో రాయించుకోండి. ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత మార్చేస్తారు. నడిచేటప్పుడు దారీ వేళా నమోదయ్యేలా ఫోన్లో ట్రాక్ ఆన్ చేసి పెట్టండి, ఎన్నింటికి మొదలైందో అదే చెబుతుంది.

ఒక్క మాట: ఉరుములు వినబడ్డాక వెనక్కి తిప్పిన గైడ్‌తో కొట్లాడకండి, అది అతను చేసిన మంచి పని. రీఫండ్ అడగాల్సింది ఆలస్యంగా మొదలుపెట్టినందుకు, చెప్పినంతమంది గైడ్లు లేనందుకు. ఫిర్యాదులో "సరస్సు చూపించలేదు" అని రాస్తే వాతావరణం నిబంధన చూపించి తోసేస్తారు. "6 గంటలకు అని రాసిచ్చి 9:30కి మొదలుపెట్టారు" అని ట్రాక్ జతచేసి రాయండి. కార్డుతో కట్టి ఉంటే ఇవే కాగితాలతో బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కార్డు మీద కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం) అడగొచ్చు, దానికి గడువుంటుంది కనుక ఇంటికొచ్చిన వారంలోనే పెట్టండి.